రెండు పట్టికలు, ఒక పాల చీటీ

పల్లెలో పాలకేంద్రం ఎరిగినవారికి ‘జాయిన్’ అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. గుమాస్తా ముందు రెండు కాగితాలుంటాయి. ఒకటి ఆనాటి పుస్తకం: సభ్యుని సంఖ్య, పూట, లీటర్లు, వెన్న శాతం. రెండవది గోడకు అంటించిన రేట్ల పట్టిక: ఎంత వెన్నకు లీటరు ఎంత అన్నది. ఆయన వేలు పుస్తకంలోని 6.5 మీద ఆగుతుంది, కన్ను గోడ మీది 6.5 ను వెతుక్కుంటుంది. లీటరు 50 రూపాయలనుకుంటే 4 లీటర్లకు 200. డేటాబేసు చేసే పనీ అక్షరాలా ఇదే. తేడా అల్లా ఒక్కటే. గోడ మీద అంకె కనబడకపోతే గుమాస్తా తల గోక్కుంటాడు, ఎవరినైనా అడుగుతాడు. యంత్రం మాత్రం ఆ వరుసను చప్పుడు చేయకుండా వదిలేస్తుంది.

దస్త్రంలో ఏది ఎక్కడ ఉందో, దేని నుంచి దేనికి దారి ఉందో ప్రోగ్రామరు గుర్తుపెట్టుకోనవసరం లేదని, విలువల సామ్యమే రెండు పట్టికలను కలుపుతుందని 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ ఒక వ్యాసంలో ప్రతిపాదించాడు. నాలుగేళ్ళకు అక్కడివారే అయిన ఛాంబర్లిన్, బాయిస్ దానికొక భాషను కూర్చారు. నేటి ఎస్‌క్యూఎల్ దాని సంతానమే. చరిత్ర ఇంతటితో చాలు.

మా పెద్దమ్మకు అక్షరాలు రావు. పాలు పోసి వచ్చిన ప్రతి పూటా వంటింటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తుంది. కేంద్రానికి కంప్యూటరు వచ్చిన కొత్తలో ఒక పక్షం గీతలు ముప్పై ఉంటే, చీటీలో పూటలు ఇరవై ఒకటే వచ్చాయి. అడిగితే ‘కంప్యూటరు ఇచ్చిందే ఇచ్చాం’ అన్నారట. నేను వెళ్ళి చూస్తే సంగతి తేలికగానే బయటపడింది. ఆవిడ గేదె ఒట్టిపోయే దశలో ఉంది. ఆ రోజుల్లో పాలు తగ్గి వెన్న పెరుగుతుంది కదా! తొమ్మిది పూటలు 8.0 దాటింది. యంత్రంలోకి ఎక్కించిన రేట్ల పట్టిక 8.0 దగ్గరే ఆగిపోయింది. ఇన్నర్ జాయిన్ రెండు వైపులా జత కుదిరిన వరుసలనే ఇస్తుంది కనుక, అన్నిటికంటె చిక్కటి పాలకే కానీ రాలేదు. ఎక్కడా తప్పన్న సందేశం లేదు. యంత్రం దృష్టిలో తప్పు జరగనే లేదు.

‘లెఫ్ట్ జాయిన్ పెడితే సరిపోయేది’ అని మీలో కొందరు అనబోతున్నారు. సగమే నిజం. అప్పుడు ఆ తొమ్మిది వరుసలూ నిలుస్తాయి, కాని రేటు గడిలో ‘నల్’ ఉంటుంది. నల్ అంటే సున్నా కాదు, ‘తెలియదు’ అని. తెలియనిదానితో దేన్ని గుణించినా తెలియనిదే వస్తుంది. మొత్తం వేసే ‘సమ్’ మాత్రం నల్‌లను దాటవేసి, మిగిలినవాటిని కూడి, నిండుగా కనిపించే అంకెను చేతిలో పెడుతుంది. కాబట్టి చీటీలు అచ్చు వేయక ముందే, రేటు నల్‌గా ఉన్న వరుసలను విడిగా ఏరి చూపే ప్రశ్న ఒకటి ఉండాలి. దాన్ని నడిపినప్పుడు పెద్దమ్మవే కాక మరి కొందరి పూటలు కూడా బయటపడ్డాయి. వాళ్ళెవరూ గీతలు గీయలేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే ముప్పు మరొకటుంది. చీటీలో దాణా బాకీ కూడా తీసెయ్యాలి. సభ్యుని సంఖ్య మీద పాల పట్టికను, దాణా పట్టికను నేరుగా కలిపారనుకోండి. ముప్పై పూటలకు, వేర్వేరు రోజుల్లో తెచ్చిన రెండు బస్తాలకు జతకట్టి అరవై వరుసలు పుడతాయి. పాల డబ్బు రెట్టింపు, దాణా కోత ముప్పై రెట్లు! ముందు పాల మొత్తాన్ని సభ్యునికి ఒక్క వరుసగా కూడి, దాణాను కూడా అలాగే కూడి, ఆ పిమ్మట రెంటినీ కలపాలి. దాణా తీసుకోనివారు జారిపోకుండా అక్కడ లెఫ్ట్ జాయిన్, నల్ వచ్చినచోట సున్నా అవసరం. ఇక్కడ మాత్రం సున్నా వేయడం న్యాయమే, బాకీ లేదని తెలుసు కనుక. రేటు గడిలో సున్నా వేస్తే అది దోపిడీ.

రేట్లు మారినప్పుడు ఇంకో పేచీ. పట్టికలో పాత రేటు చెరిపి కొత్తది వ్రాస్తే, నిరుటి చీటీని మళ్ళీ తీసినప్పుడు నేటి రేటుతో లెక్క వస్తుంది. ప్రతి రేటుకూ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో వ్రాసి, పాలు పోసిన తేదీ ఆ నడుమ పడేట్టు కలపడం శాస్త్రీయమైన పద్ధతి. పోసిన పూటే రేటును కూడా ఆ వరుసలో వ్రాసేయడం మరో పద్ధతి. ఒకే విషయం రెండుచోట్ల ఎందుకని శాస్త్రం తెలిసినవారు ముఖం చిట్లిస్తారు. నా ఓటు మాత్రం రెండవదానికే. ఆనాడు ఏ రేటుకు పాలు కొన్నారన్నది ఆ పూట జరిగిన సంగతి, లీటర్లలాగే.