మైకు లేని క్షణం

ముంబయి వెళ్ళిన మన ఉద్యోగులు చూచివచ్చే స్థలాలు అందరికీ తెలిసినవే: గేట్‌వే, ఎలిఫెంటా గుహలు, మెరైన్ డ్రైవ్. గత శీతకాలంలో కార్యాలయపు పనిపై సకుటుంబంగా వెళ్ళిన మాకు ఒక సాయంకాలం తీరిక చిక్కగా, శ్రీమతి నారిమన్ పాయింట్ చివరనున్న నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌లో గాత్రకచేరీ వినాలని కోరింది.

మేము మొదట విముఖులమే. 30 ఏండ్లు టర్బైన్ల మధ్య గడిపిన చెవులు మావి. వైద్యపరీక్షలో గీసిన రేఖ 4,000 హెర్ట్జ్ వద్ద లోయలోకి దిగింది. రొదకు దెబ్బతిన్న చెవికి అది గుర్తు. తప్పు మాదే, ఇచ్చిన ఇయర్ ప్లగ్గులు చొక్కా జేబులోనే ఉండేవి. ఇప్పుడు మనుమరాలి మాటలను సైతం రెండవసారి చెప్పించుకోవలసి వస్తున్నది.

సముద్రాన్ని పూడ్చి సంపాదించిన నేలపై వెలసిన కేంద్రమిది. 1969లో దీనిని నెలకొల్పిన జంషెడ్ భాభా, అణుశాస్త్రవేత్త హోమీ భాభాకు సోదరుడు. ఇందలి టాటా థియేటర్‌ను 1980లో ఇందిరాగాంధీ ప్రారంభించారు. వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్. ధ్వనిశాస్త్ర నిపుణుడు సిరిల్ హారిస్. మైకు అవసరం లేకుండా వినిపించాలన్నది వారి సంకల్పం.

సుమారు వేయి ఆసనాలు విప్పిన విసనకర్రవలె వేదిక ముందు పరచుకొని ఉన్నవి. అందువలన చివరి వరుస కూడ మరీ దూరం కాదు. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుందని మనం చదువుకున్నదే. హాలులో గోడలనుండి, కప్పునుండి మరలివచ్చే ధ్వని ఆ లోటును కొంత పూరిస్తుంది. అయితే అది ఆలస్యంగా వస్తే మాట మసకబారుతుంది. ఈ తూకం కుదర్చటం టర్బైన్ షాఫ్టును సరిచేయడం కంటె సులభమేమీ కాదు!

గాయని వచ్చి కూర్చున్నది. మైకులు ఇంకా పలకలేదు. తంబుర శ్రుతి చేయసాగారు. వెనుకనుండి రెండవ వరుసలో ఉన్న మాకు నాలుగు తీగెలు వేర్వేరుగా వినవచ్చినవి. మీటిన తరువాత మిగిలే జుమ్మను నాదం కూడ. అందులో మా చెవికి అందనివి ఎన్నో ఉండవచ్చు. అందినవే కళ్ళు చెమర్చడానికి చాలినవి.

“ఏమండీ, వినిపిస్తోందా?” అని శ్రీమతి గుసగుసగా అడిగింది. ఆ గుసగుస సైతం వినబడింది.

తరువాత మైకులు పలికినవి. నేటి కళాకారుల అలవాటును తప్పుపట్టలేము గాని, మా మనస్సు కొంత చిన్నబోయింది. కచేరీ మాత్రం బాగున్నది.

ప్రక్కనే ఉన్న జంషెడ్ భాభా థియేటర్‌ను (1999) చూడటానికి వ్యవధి లేకపోయింది. రాత్రి మెరైన్ డ్రైవ్ గట్టుపై కూర్చున్నప్పుడు శ్రీమతి ఏదో అన్నది. అలల హోరులో రెండవసారి చెప్పించుకున్నాము.