మైలేజీ 30 అంటే ఎంత?

డల్లాస్ నుంచి తమ్ముడు వీడియో కాల్‌లో కొత్త కారు చూపిస్తున్నాడు.
"మైలేజీ ఎంతిస్తుందిరా?" నాన్న మొదటి ప్రశ్న. ఇంకేం అడుగుతారు!
"ముప్ఫై దాకా వస్తుంది నాన్నా."
నాన్న మొహం వెలిగిపోయింది. అంత పెద్ద బండికి ముప్ఫయ్యా!

వాడు చెప్పింది గ్యాలన్‌కు మైళ్లు.
నాన్న విన్నది లీటరుకు కిలోమీటర్లు.

మైలు ఒక్కటీ మారిస్తే సరిపోదిక్కడ. ఈ భిన్నంలో పైనున్న మైలు 1.609 కిలోమీటర్లు, కిందున్న గ్యాలన్ 3.785 లీటర్లు. పైది అంకెను కాస్త పెంచుతుంది, కిందిది అంతకు మించి కోసేస్తుంది. ఆ 30 కాస్తా మన లెక్కలో 12.75 దగ్గర తేలుతుంది.

అదే 30 లండన్‌లో వాళ్లు చెబితే ఇంకా తక్కువ, 10.6! బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు మరి.

యూరప్‌లో ఏకంగా తిరగేశారు. 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతుందో చెబుతారు, అంకె తగ్గితే బండి గొప్పది. నాకైతే ఈ పద్ధతే నచ్చింది, జేబుకు పడే చిల్లు నేరుగా తెలుస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లూ, ఇంటికి ఫోన్‌లో మైలేజీ చెప్పే ముందు 0.425తో ఒక్కసారి గుణించండి బాబూ.
మీ ఇళ్లలో ఇలాంటి తికమక ఏ లెక్క దగ్గర వచ్చిందో కామెంట్లో రాయండి.