ముప్పై మూడో పాట

మా నాయన రాయకోట మండీలో టెంపోకి టమోటా ఎక్కించుకొని రాత్రికి రాత్రే బెంగుళూరు పోతాడు. ఆ బండిలో ఒక పెన్‌డ్రైవ్ ఉంది. దాంట్లో 32 పాటలు. నిద్దర రాకుండా దడదడమనే పాటలు కావాలని నాయన అడిగితే, మా అన్న హోసూరు బస్టాండు దగ్గర మొబైల్ అంగడిలో హిప్‌హాప్ తమిళా వాళ్ళ హిట్ పాటలన్నీ ఏరి ఎక్కించుకొచ్చినాడు.

హిప్‌హాప్ తమిళా అంటే ఒక మనిషి కాదు. ఆది, జీవా అని ఇద్దరు. ఆదిది కోయంబత్తూరు. 2012లో 'హిప్‌హాప్ తమిళన్' అనే ఆల్బమ్ తెచ్చి పేరు తెచ్చుకున్నారు. తమిళ ర్యాప్ వీళ్ళతోనే పుట్టిందని మా అన్న వాదిస్తాడు గానీ, అది నిజం కాదు. మలేసియాలో యోగి బి, నచ్చత్రా వాళ్ళు 2006లోనే 'వల్లవన్' అనే ఆల్బమ్ చేసినారు.

32 పాటలూ నాకు నచ్చవు. ఎఫ్.ఎం. రేడియోలో పాడి మొదట పేరు తెచ్చుకున్న పాట ఒకటుంది. అందులో అమ్మాయిల గురించి అన్న మాటలు వింటే ఒళ్ళు మండుతుంది. అదొస్తే నేను తరువాతి పాటకి తోసేస్తాను. అన్న కోప్పడతాడు. 'టక్కరు టక్కరు' మాత్రం ఎన్నిసార్లయినా వింటాను. 2017లో జల్లికట్టు పోరాటమప్పుడు ఊరూరా మోగిన పాట అది. మా పక్క జల్లికట్టు లేదు, ఎద్దులు వదిలే పండగ ఉంది. అయినా ఆ పాట మా వీధిలోనూ మోగిందంట.

29వ పాట దగ్గర నేను ఉలిక్కిపడినాను. అది తెలుగు! 'ధ్రువ' సినిమా పాట. తమిళంలో 2015లో వచ్చిన 'తని ఒరువన్'నే 2016లో తెలుగులో 'ధ్రువ'గా తీసినారు. రెండింటికీ సంగీతం వీళ్ళదే. ఆ పాట విన్నాక అన్నని అడిగినాను, "మన తెలుగులో ఇట్లా ర్యాప్ పాడేవాళ్ళు లేరా?" అని. "హైదరాబాదులో రోల్ రైడా ఉండాడు కదా" అన్నాడు. "హైదరాబాదు కాదన్నా, మన మాదిరి మాట్లాడేవాళ్ళు?" అంటే నవ్వి, "మన మాటని పాటలో పెడితే ఎవరు వింటారు పాపా" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. అన్న తప్పు కాదు. బస్సులో నేనూ అంతే. పక్కన ఎవరైనా ఉంటే ఫోన్లో అవ్వతో తమిళంలో మాట్లాడతాను. అవ్వకి తమిళం సగమే వస్తుంది. "ఎవరు మాట్లాడేది?" అని అడుగుతుంది పాపం.

తమిళమంటే నాకు కోపం లేదు. 2006 చట్టం వల్ల పదో తరగతిలో తమిళం తప్పనిసరి, వచ్చే ఏడు నేనూ రాస్తాను. మా తమిళం టీచరే చెప్పినారు, ఆది తమిళ లిపి చరిత్ర మీద 2019లో 'తమిళి' అని డాక్యుమెంటరీ కూడా చేసినాడని. ర్యాప్ పాడే ఆయనకి పాత అక్షరాల మీద ఇంత ప్రేమ ఏమిటో అని ఆశ్చర్యపోయినాను.

ఆ రాత్రే నోట్‌బుక్ వెనక పేజీలో రాసినాను:

రాయకోట బండిలోన టమోటాల లోడు
రేయంతా నాయనకి నిద్దర లేదు చూడు

ఇట్లా పన్నెండు వరుసలు. వార్షికోత్సవానికి పాడతానని తెలుగు సారుకి చూపించినాను. ఆయన ఎర్ర పెన్ను తీసి 'పోతా ఉండా' కొట్టేసి 'వెళుతున్నాను' అని దిద్దినారు. చదవమన్నారు. చదివితే తాళం తప్పింది. నాలుగు దెబ్బల్లో ఇమిడే మాట అయిదు అయింది. సారు బల్ల మీద వేళ్ళతో తట్టి మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ తప్పింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తాను దిద్దిందే కొట్టేసినారు.

"రాయ, రేయ. రెండో అక్షరం య. ఇది ప్రాస, నీకు తెలిసి పెట్టినావా?" అన్నారు. తెలీదు సార్ అన్నాను. తమిళంలో దీన్నే ఎదుగై అంటారని, చివర లోడు, చూడు కలవడం అంత్యప్రాస అని చెప్పినారు. వ్యాకరణం పీరియడ్‌లో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ రోజు ఎక్కింది.

స్టేజీ మీద మూడో వరుస మరిచిపోయినాను. వెనక నుంచి ఎవరో అందించినారు, మళ్ళీ అందుకున్నాను. అన్న ఫోన్లో రికార్డు చేసినాడు. నన్నడగకుండానే ఆ అంగడికి పోయి పెన్‌డ్రైవ్‌లో 33వ పాటగా ఎక్కించినాడు. మరిచిపోయిన చోటు కూడా అట్లే ఉంది.

సెలవుల్లో ఒక రాత్రి నాయనతో టెంపోలో పోయినాను. అత్తిబెలె టోల్‌గేటు దగ్గర బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. 32 అయిపోయి నా గొంతు వచ్చింది. సిగ్గుతో కిటికీ వైపు తిరిగినాను. నాయన పాట అయిందాకా ఏమీ అనలేదు.

"నేను నిద్దరపోనని నీకెట్లా తెలుసు?" అన్నాడు.

"నువ్వొచ్చేదాకా అవ్వ, నేను మేలుకోనుంటాం కదా నాయనా" అన్నాను.

వెనక లారీవాడు హారన్ కొట్టినాడు. నాయన గేరు వేసి, ఆ పాటనే మళ్ళీ మొదటినుంచి పెట్టినాడు.