అతుక్కోవాలంటే... కాస్త గరుకు ఉండాలి!

మట్టిబొమ్మలు చేసేవాళ్ల చేతులు ఎప్పుడైనా గమనించారా? పలమనేరు వైపు ఈ పని చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. పచ్చి మట్టి గుర్రానికి కాలు అతికించాలంటే ముందు రెండు వైపులా పుల్లతో గీతలు గీయాలి. పల్చగా బురద రాయాలి. ఆ తర్వాతే అదిమి పెట్టాలి. నున్నటి మట్టి మీద నున్నటి మట్టి ఆనిస్తే ఆరేలోపే ఊడొస్తుంది.

రోలు సంగతీ అంతే. అరిగి నున్నబడితే పిండి మెదగదు. అందుకే ఉలితో కక్కులు కొట్టించేవాళ్లు. మేస్త్రీ కూడా పాత గోడకు గంట్లు పెట్టకుండా సిమెంటు పూయడు. పట్టు దొరకాలంటే గరుకు ఉండాలన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిన విషయమే.

ఇప్పుడు ఇదే విషయం మీద విమాన ఇంజన్లు తయారుచేసేవాళ్లు తలలు పట్టుకుంటున్నారు!

లోహాన్నో, పింగాణీ లాంటి సిరామిక్ పొడినో బాగా వేడిచేసి, కరిగిన చుక్కలను వేగంగా చిమ్మి పూత వేయడాన్ని ‘థర్మల్ స్ప్రే’ అంటారు. స్విట్జర్లాండుకు చెందిన మాక్స్ షూప్ 1900ల తొలినాళ్లలో దీనికి దారి వేశాడు. ఇదేదో మనకు దూరపు సంగతి కాదు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో రాచగున్నేరి వస్తుంది. అక్కడి కర్మాగారంలో డక్టైల్ ఐరన్ నీటి పైపులు తయారవుతాయి. సాధారణంగా ఈ రకం పైపులకు జింకు తీగను విద్యుత్ ఆర్క్‌లో కరిగించి, గాలితో చిమ్మి పూత వేస్తారు. భూమిలోని తేమ ముందు జింకును తింటుంది. ఇనుము బతికిపోతుంది.

చిమ్మిన చుక్క తగలగానే అప్పడంలా పరుచుకుని గట్టిపడుతుంది. గరుకు సందుల్లోకి దిగితేనే దానికి పట్టు. లోహమైతే గరుకు చేయడం తేలికే. గట్టి రజనును గాలితో వేగంగా కొడితే సరిపోతుంది. సిరామిక్‌తోనే వస్తుంది చిక్కు. అది కాలిన మట్టికి చుట్టం. సొట్ట పడదు, పగులుతుంది. రజను దెబ్బకు పైకి కనబడని బీటలు పడితే, పూతతో పాటు కింది పెచ్చు కూడా లేచొస్తుంది.

అసలు సిరామిక్‌కు పూత ఎందుకంటారా? 2016లో ఎగరడం మొదలుపెట్టిన లీప్ ఇంజన్లలో సిలికాన్ కార్బైడ్ సిరామిక్ భాగం ఒకటి ఉంది. బరువు తక్కువ, వేడికి ఓర్పు ఎక్కువ. అయితే ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి ఆ వేడిలో ఈ సిరామిక్‌ను మెల్లమెల్లగా తినేస్తుంది. దాన్ని కాపాడేది పైనున్న పూతే. ఆ పూత ఊడిందంటే అరుగుదల మొదలైనట్టే.

మరి కాలిన మట్టి మీద గీతలు గీసేదెలా? దానికి లేజరే పుల్ల! సెకనులో వందకోట్లవ వంతు లెక్కన కొలిచే చిన్న చిన్న మెరుపులు ఒక్కో చోట కొద్దికొద్దిగా పదార్థాన్ని ఆవిరి చేస్తాయి. వెంట్రుక మందం లోపు గుంటలు వరుసగా పడతాయి. కరిగిన చుక్క అందులోకి దిగి మేకులా బిగుసుకుంటుంది. పూత లేవాలంటే బీట తిన్నగా పోలేదు, ప్రతి గుంట దగ్గరా దారి మళ్లాలి.

అలాగని ఎంత గరుకైతే అంత మంచిదని కాదు. గుంట మరీ ఇరుకుగా, లోతుగా ఉంటే చుక్క అడుగుదాకా చేరదు. కింద గాలి మిగిలిపోతుంది. లేజర్ వేడి మితిమీరితే అదే కొత్త బీటలు తెస్తుంది. అందుకే పూతకు జిగురుతో కడ్డీ అతికించి, ఊడేదాకా లాగి బలం కొలుస్తారు.

హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో స్ప్రే పూతల మీదా, లేజర్ల మీదా పరిశోధనలు జరుగుతున్నాయి. అక్కడి శాస్త్రవేత్తలు ఇంజన్ పిస్టన్ రింగుల మీద లేజర్‌తో 10 నుంచి 20 మైక్రాన్ల వెడల్పు గుంటలు చెక్కారు. అక్కడ గుంటల పని నూనెను పట్టి ఉంచడం. పూతల్లో కరిగిన చుక్కను పట్టి ఉంచడం. పని వేరు, కిటుకు ఒకటే.

ఇందులో మనుషుల మేలు కూడా ఉంది. రజనుకు బదులు ఇసుక వాడేచోట సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఒకసారి వస్తే నయం కాని జబ్బది. లేజర్‌కు ఇసుక అక్కర్లేదు. దాని పొగను పీల్చేసే ఏర్పాటు, కళ్లకు రక్షణ మాత్రం తప్పనిసరి. ఖరీదూ ఎక్కువే, పెద్ద వస్తువులకు పట్టే సమయమూ ఎక్కువే. కాబట్టి ఇది రేపే ప్రతి షెడ్డులోకీ వచ్చేయదు. ఈలోగా ఇసుక మానేసి హాని తక్కువ రజను వాడటం, పనివాడికి మంచి ముసుగు ఇవ్వడం యజమానుల చేతిలో పనే. పూత పదికాలాలు నిలవాలని చూస్తున్నప్పుడు, పూసేవాడి ఊపిరి గురించీ ఆలోచించాలి కదా!