కారుచున్న కుళాయి

భావనపాడు సముద్రపుటొడ్డున నున్న ఊరు. అచ్చట ఇనుప గొట్టములకు శత్రువు ఉప్పుగాలి. అది సోకిన గొట్టము తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలిపోవును. చలికి గొట్టము పగులునని ఎవరైన చెప్పినచో మా ఊరివారు నవ్వియుందురు; నేనును నవ్వియుందును. మన లంబసింగిలో శీతకాలపు వేకువలందు ఆకులపై మంచు గడ్డకట్టునని వినియుంటిని. కాని పొద్దెక్కగానే అది కరగిపోవును గదా!

2021 ఫిబ్రవరిలో నేను అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు నగరమునకు చేరువనున్న ఫ్రిస్కోలో మా కుమారుని యింట నుంటిని. ఆ పట్టణమున తెలుగువారు పెక్కుమంది కలరు. ఆ నెల నడుమ ఉత్తరమునుండి వచ్చిన శీతగాలులు రాష్ట్రమంతటిని క్రమ్మినవి. విద్యుత్తు చాలక లక్షలకొలది యిండ్లు చీకటిపాలైనవి. 16వ తేదీ ఉదయమున డల్లాసులో ఉష్ణోగ్రత సున్నకు దిగువన 19 సెంటీగ్రేడు డిగ్రీల వరకు పడిపోయినది.

అంతకు ముందే నా కుమారుడు పెరటి కుళాయినుండి తోటకు నీరు పెట్టు రబ్బరు గొట్టమును ఊడదీసెను. దానిలో నిలిచిన నీరు గడ్డకట్టినచో ఆ గడ్డ గోడలోని గొట్టము వరకు పాకునట. కుళాయికి పాతగుడ్డలు దళసరిగా చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టెను. వీధివైపు నేలలోనున్న చిన్న పెట్టె మూత తీసి, ఇంటికి వచ్చు నీటిని ఆపు మరను నాకును కోడలికిని చూపెను. పిదప, వెలుపలి గోడ నానుకొనియున్న వంటగది కుళాయిని సన్నని ధారగా విడిచి, "నాన్నా, దీన్ని మాత్రం కట్టవద్దు" అని చెప్పి పడుకొనెను.

వాడు చెప్పెను, నేను వింటిని. కాని 15వ తేదీ అర్ధరాత్రమున మేల్కొనగా, ఆ నిశ్శబ్దములో నీరు కారు చప్పుడు నన్ను నిద్రపోనీయలేదు. మంచినీటి బిందెకై తల్లివెంట దూరము నడచిన బాల్యము నాది. బడిలో కుళాయి కట్టక పోయిన పిల్లవానిని నిలబెట్టి మందలించిన ఉద్యోగము నాది. చేయి తనంత తానే పోయి కుళాయిని బిగించినది. హాయిగా నిద్రపట్టినది.

తెల్లవారిన పిదప ఆ కుళాయినుండి చుక్క రాలేదు. కొన్ని దినములకు మంచు కరగినప్పుడు గోడలోనుండి నీరు చిమ్మనారంభించెను. కోడలు పరుగున పోయి వీధిలోని మరను కట్టెను.

నీరు 4 డిగ్రీల వరకు చల్లబడినకొలది కుంచించుకొని, అంతకంటె చల్లబడినచో మరల వ్యాకోచించును. గడ్డకట్టునప్పుడు 11 పాళ్ల నీరు ఇంచుమించు 12 పాళ్ల చోటు నాక్రమించును. గొట్టములో గడ్డ పెరుగుచు ముందరి నీటిని కుళాయివైపు నెట్టును. కుళాయి మూసియున్నచో ఆ నీటికి దారి లేదు. ఒత్తిడి పెరిగి గొట్టము చీలును. చుక్కచుక్కగా కారనిచ్చినచో ఆ ఒత్తిడి వెడలిపోవును. ఉత్తర రాష్ట్రములలో గొట్టములను చలి సోకనంత లోతున పాతుదురు. టెక్సాసు ఇండ్లు ఎండను తలచి కట్టినవి. గొట్టములు వెలుపలి గోడలలోను, అటకలమీదను పోవుచుండును. నీటి వ్యాకోచము బడి పాఠములలో నున్నదే. సైన్సు మాష్టారు సెలవు పెట్టిననాడు నేనే దానిని చదివి వినిపించితిని. తెలుగు పండితుడను గనుక, వ్యాకోచమను పదమునకు అర్థము చెప్పి తృప్తిపడితిని!

"ఇంకొంచెం ఎక్కువగా విడవవలసింది" అని నా కుమారుడు తన్ను తానే నిందించుకొనెను. ఆనాడు నాకు నోరు రాలేదు. మరునాడు భోజనమువేళ జరిగినది చెప్పితిని. "పోనీండి మావయ్యగారూ" అని కోడలు అన్నము వడ్డించెను. కుమారుడు కొంతసేపు పలుకలేదు.

గోడ త్రవ్వి పనివాడు తీసిన రాగి గొట్టపు ముక్కను నేనడిగి పుచ్చుకొంటిని. చీలిక బొటనవ్రేలి పొడవున్నది. ఇప్పుడది భావనపాడులో నా వ్రాతబల్లపై నున్నది. మా ఉప్పుగాలికి అంచులయందు పచ్చబడుచున్నది.