లెక్కలో రాయని బిళ్ళలు

నూజివీడు చుట్టుపక్కల ఎవరికి కడుపులో బాగోలేకపోయినా ముందు నింద పడేది మామిడి మీదే. వేసవిలో అయితే "రసాలు ఎక్కువ లాగించుంటావు" అంటారు. వానాకాలంలో అయితే కొత్తావకాయ అంటారు. చలికాలంలో పండూ ఉండదు, కొత్త పచ్చడీ ఉండదు కాబట్టి అప్పుడు "గ్యాసు" అనేస్తారు. నేను ఈ మూడూ నమ్మాను. నమ్మి, ఏ పాపం ఎరగని పండుకు కొన్నేళ్ళపాటు శిక్ష వేసి, అసలు దొంగను చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను.

మాకు ఆగిరిపల్లి వైపు కొంత తోట ఉంది, మరికొంత కౌలుకు చేస్తాం. కోతలప్పుడు చిక్కం కర్రల వాళ్ళ వెంట తిరగడం, ట్రేలు ఎత్తడం, లోడు కట్టించి నున్న మార్కెట్టుకు పంపడం. సాయంత్రానికి నడుం పట్టేసేది. నొప్పి బిళ్ళ వేసుకుంటే గంటలో లేచి తిరిగేవాణ్ణి. మందుల షాపులో చీటీ అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కోతలైపోయాక దుక్కి, ఆ తర్వాత పూత మీద మందు కొట్టించడం... పని మారింది గానీ బిళ్ళ మారలేదు. దానివల్ల మంట వస్తోందేమోనని షాపతనే ఒక గ్యాసు బిళ్ళ జత చేశాడు. పొద్దున్నే పరగడుపున గ్యాసు బిళ్ళ, టిఫినయ్యాక నొప్పి బిళ్ళ. వాటిని మందులని నేను అనుకోనే లేదు.

రొమ్ము కింద మంట, తేన్పులు, అర్ధరాత్రి ఆకలో నొప్పో తెలియని బాధ, నాలుగు మెతుకులు తింటే కాస్త సర్దుకోవడం. కారణం నేనే కనిపెడదామని తోట ఖర్చులు రాసే పుస్తకం వెనక పేజీల్లో రోజూ ఏం తిన్నానో రాయడం మొదలెట్టాను. ఆవకాయ మానేశాను. తర్వాత పప్పు, తర్వాత పాలు. చివరికి మా తోటలో కాసిన చిన్న రసాలు కూడా. మనిషిని సన్నబడ్డాను గానీ నొప్పి సన్నబడలేదు. ఆ పుస్తకంలో నోట్లోకి పోయిన ప్రతి మెతుకూ ఉంది, బిళ్ళలు మాత్రం లేవు.

ఒక దశలో విరేచనం నల్లగా, తారులా జిగటగా అయింది. వేడి చేసిందనుకుని మజ్జిగ, సబ్జా గింజలు తాగాను. గట్టెక్కితే ఆయాసం వస్తుంటే అప్పుడు రక్తపరీక్ష చేయించుకున్నాను. హిమోగ్లోబిన్ ఏడు దగ్గరికి దిగింది. ఎండోస్కోపీ చేస్తే చిన్నపేగు మొదట్లో పుండు కనిపించింది. "మందులేమైనా వాడుతున్నారా?" అని అక్కడి డాక్టరు అడిగాడు. "బీపీ, షుగరు లేవండి" అన్నాను. అది అబద్ధం కాదు, అడిగినదానికి జవాబూ కాదు. పుండుకు కారణమయ్యే సూక్ష్మక్రిమి ఉందేమోనని ముక్క తీసి పరీక్షిస్తే లేదని వచ్చింది. కోర్సు వాడాను, పుండు మానింది. మళ్ళీ కోతలొచ్చాయి. బిళ్ళలు వచ్చాయి. నొప్పీ వచ్చింది.

ఈసారి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తుంటే మా ఆవిడ ఒక క్యారీ బ్యాగు తెచ్చింది. చొక్కాలు ఉతికేటప్పుడు జేబుల్లో దొరికిన ఖాళీ స్ట్రిప్పులన్నీ దాచిందట. డాక్టరు నా తిండి పుస్తకం ఓపిగ్గా తిరగేసి పక్కన పెట్టాడు. స్ట్రిప్పులు టేబులు మీద పరిచి రెండు వరసలుగా విడదీశాడు: ఒకటి డైక్లోఫెనాక్, ఇంకొకటి పాంటాప్రజోల్. "ఇవి మీరు తిన్నవి కావా?" అన్నాడు. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూచున్నాను.

అప్పుడు తెలిసింది. కడుపు తన ఆమ్లానికి తానే కాలిపోకుండా లోపల జిగురు పొర కాస్తుంటుంది. ఆ పొరను నిలబెట్టే ప్రోస్టాగ్లాండిన్లనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు తగ్గించేస్తాయి. అన్నం తిన్నాక వేసుకుంటే ఏం కాదనుకోవడం భ్రమ. సూది మందు వేయించుకున్నా తప్పదు, ఎందుకంటే మందు రక్తంలో కలిశాకే ఆ దెబ్బ తగులుతుంది.

రెండో సంగతి ఇంకా కంగు తినిపించింది. ఆ సూక్ష్మక్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరీ. మన దేశంలో చాలామంది కడుపుల్లో ఉంటుంది, ఎక్కువమందికి ఏ బాధా పెట్టదు. గ్యాసు బిళ్ళ వాడుతూ పరీక్ష చేయించుకుంటే అది ఉన్నా లేనట్టు రావచ్చు. అందుకే మామూలుగా గ్యాసు బిళ్ళ కనీసం 2 వారాలు, యాంటీబయోటిక్ అయితే 4 వారాలు ఆపి పరీక్షిస్తారు. నేను ముక్క తీయించుకున్న రోజు పొద్దున కూడా బిళ్ళ వేసుకునే వెళ్ళాను. ఈసారి డాక్టరు చెప్పిన ప్రకారం ఆపి మల పరీక్ష చేయిస్తే క్రిమి ఉందని తేలింది. నొప్పి బిళ్ళ, క్రిమి రెండూ కలిస్తే పుండు ముప్పు మరీ ఎక్కువట. 14 రోజుల యాంటీబయోటిక్ కోర్సు వాడాను. నోరు చేదు, తిండి సయించేది కాదు, అయినా మధ్యలో ఆపలేదు. నెల దాటాక మళ్ళీ పరీక్ష చేయించి, పోయిందని రూఢి చేసుకున్నాను.

తప్పుడు కారణాన్ని తిట్టుకున్నది మన ఊళ్ళోవాళ్ళే కాదు. 1980ల దాకా పెద్ద పెద్ద వైద్యులూ పుండుకు కారం, దిగులు కారణమనేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ ఇది క్రిమి పనంటే చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక మామిడిని పూర్తిగా నిర్దోషి అంటానా? అనలేను. మంట పోయాక మళ్ళీ రసాల మీద పడ్డాను. పుండు బాధ రాలేదు గానీ పొట్ట ఉబ్బి, గడబిడ చేసింది. మామిడిలో గ్లూకోజు కంటే ఫ్రక్టోజు ఎక్కువ. కొందరి చిన్నపేగు దాన్ని కొంతవరకే పీల్చుకుంటుంది. మిగిలింది పెద్దపేగులో పులిసి గాలి అవుతుంది. రసం కోసుకు తినే పండు కాదు కదా, పిసికి పీలుస్తాం. ఎన్ని లోపలికి పోయాయో టెంకలు చూస్తే గానీ తెలియదు. ఇప్పుడు పూటకు ఒకటి, ఏ బాధా లేదు. ఒక్క కడుపులో రెండు బాధలుంటే రెంటికీ ఒకే కారణం వెతకడం నేను చేసిన ఇంకో పొరపాటు.

నడుం నొప్పి ఇప్పటికీ ఉంది. డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తాను, మరీ పట్టేస్తే పారాసిటమాల్ వేసుకుంటాను, ట్రేలు కుర్రాళ్ళు ఎత్తుతారు. నాలా గ్యాసు గ్యాసు అనుకుంటూ తిరిగేవాళ్ళకు చెప్పేది ఇదే. బరువు తగ్గినా, రక్తం తగ్గినా, మింగడం కష్టమైనా, మలం తారులా ఉన్నా షాపు దగ్గర ఆగొద్దు. గుండెల్లో బరువుతో పాటు చెమటలు పడితే అది గ్యాసు కాదనుకునే పరుగెత్తండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏం తిన్నారో రాసుకెళ్ళడం మంచిదే. దాంతోపాటు నొప్పి బిళ్ళ, గ్యాసు బిళ్ళ, పసరు, చూర్ణం, ఎవరో ఇచ్చిన పొట్లం, అన్నీ సంచిలో వేసి పట్టుకెళ్ళండి. అడిగినా అడక్కపోయినా టేబులు మీద పెట్టండి.