మెతుకుసీమలో ఊటీ ఎక్కడ?

మన సినిమాల్లో హీరోగారికి ఎండ తగిలితే చాలు, తర్వాతి షాట్‌లో ఊటీలో వుంటాడు. హీరోయిన్‌గారు స్వెట్టర్ వేసుకుని పూలతోటలో పరుగెడుతూ వుంటుంది. మధ్యలో బస్సు టిక్కెట్లు, లాడ్జి రూము, ఇంటికి తాళం, బర్రెకు గడ్డి... ఇవేవీ కెమెరాకి కనపడవు. కానీ మెదక్ జిల్లా ఎల్దుర్తిలాంటి ఊళ్ళో వుండి, మే నెలలో ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని ఎక్కడికైనా వెళ్ళాలనుకోండి... కథ, మాటలు, దర్శకత్వం, పెట్టుబడి అన్నీ మనవే!

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. మెతుకుసీమలో ఊటీ లేదు. ఊటీ సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున వుంది. మన తెలుగువాళ్ళ హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. మా మెదక్ ప్రాంతం నాలుగైదు వందల మీటర్లు దాటని పీఠభూమి. మే నెలలో 40 డిగ్రీలు దాటడం మాకు వార్తే కాదు. ఇక్కడ చల్లదనం ఎత్తువల్ల రాదు. నీళ్ళవల్ల రావాలి, చెట్టువల్ల రావాలి, లేదా మందపాటి గోడలవల్ల రావాలి. ఈ మూడింటిలో ఏది ఎక్కడ దొరుకుతుందో వెతకడమే మా వేసవి విడిది ఎంపిక.

మా ఇంట్లో యీసారి ఎంపిక మరీ కష్టమైంది. పోయిన చలికాలం నాయినకు గుండె ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఆయన గడప దాటింది ఆస్పత్రికి మాత్రమే. "ఒకటి రెండ్రోజులు బయట తిప్పండి, మనిషి తేరుకుంటాడు" అన్నాడు డాక్టరు. అని ఊరుకోకుండా మూడు షరతులు పెట్టాడు. మెట్లు ఎక్కించకూడదు, ఎండలో తిప్పకూడదు, ఎక్కడున్నా గంటలోపల పెద్దాస్పత్రికి చేరగలగాలి. అమ్మ నాలుగోది జతచేసింది. "ఒక్క రాత్రి అంటే సరే బిడ్డా, రెండు రాత్రులంటె నాతోని కాదు. సందేళ బర్రెను ఎవరు పిండుతరు?" అక్క పిల్లలకు నీళ్ళు కావాలి. బావకు ఖర్చు తగ్గాలి. ఇక మీరే చెప్పండి, ఇంత స్క్రీన్‌ప్లే ఏ రచయిత రాయగలడు?

అనంతగిరి

మొదట అందరి నోటా వచ్చిన పేరు వికారాబాద్ దగ్గర అనంతగిరి. మంచి అడవి, అనంతపద్మనాభస్వామి గుడి, మూసీనది పుట్టిన చోటు. వెనకటి రోజుల్లో క్షయరోగులను గాలి మార్పుకు పంపిన కొండ అంటే ఆ గాలి ఎలాంటిదో వూహించుకోవచ్చు. హైదరాబాద్ వాళ్ళకు బాగా అనువు. మాకు మాత్రం నర్సాపూర్, సంగారెడ్డి చుట్టి వెళ్ళాలంటే వంద కిలోమీటర్లు దాటుతుంది. గుండె కోసి కుట్టిన మనిషిని మే నెల ఎండలో అంతదూరం కుదిపేందుకు మనసొప్పలేదు. ఆరోగ్యంగా వున్న కుటుంబానికైతే నేను మొదటి మార్కు దీనికే వేస్తాను.

నర్సాపూర్ అడవి

హైదరాబాద్ నుంచి మెదక్ వచ్చే దారిలో, నర్సాపూర్ దగ్గర రోడ్డుకు రెండువైపులా అడవి కమ్ముకుంటుంది. బస్సులో కునికే ప్రయాణీకుడు కూడా అక్కడ కళ్ళు తెరుస్తాడు. 2020 జూన్‌లో అర్బన్ ఫారెస్ట్ పార్కు కూడా తెరిచారు. పొద్దున్నే వెళ్ళి, నడిచి, తెచ్చుకున్న పులిహోర తిని వచ్చేందుకు భేషైన చోటు. అయితే ఒక హెచ్చరిక... పులిహోర మీరే తింటారన్న హామీ లేదు! అక్కడి కోతులు విలన్ పాత్రలో జీవిస్తాయి. ఇంకో సంగతి, ఎండాకాలం మన అడవి ఆకు రాల్చే అడవి. మే నెలలో సగం చెట్లు మోళ్ళే. ఫోటోల్లో చూసే పచ్చదనం శ్రావణానిది. పూటకైతే సరే, విడిదికి కాదనుకున్నాం.

ఏడుపాయల

మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గాభవాని గుడి. జనమేజయుడి సర్పయాగంతో ముడిపెట్టి ఈ చోటి కథ చెబుతారు పెద్దలు. మహాశివరాత్రి జాతర సంగతి సరే, నన్నడిగితే మెతుకుసీమ వాళ్ళ అసలైన వేసవి విడిది ఇదే. దీన్ని ఏ టూరిజం శాఖా కనిపెట్టలేదు, మా తాతలే కనిపెట్టారు. ఆటో కట్టుకుని, యాటను ఎక్కించుకుని, బండల నీడన పొయ్యి రాజేసి, పొద్దూకేదాకా వుండి రావడం మా దగ్గర మామూలు. కానీ ఆదివారం జాతరే, మంగళవారం జాతరే. గుండె జబ్బు మనిషికి ఆ సందడి, ఆ పొగ పడవు. పైగా నీళ్ళ దగ్గర పిల్లలను ఒక్క క్షణం వదలకూడదు. బండలు నున్నన, గుంటల లోతు పైకి తెలియదు. పైన సింగూరు నుంచి నీళ్ళు వదిలితే పాయలు చూస్తుండగానే నిండుతాయి. ఒడ్డున హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టలేదు సుమా!

మెదక్ ఖిల్లా

కాకతీయుల నాటి కోట. తర్వాత కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. ప్రథమ ద్వారం, సింహద్వారం, గజద్వారం... పేర్లే సినిమాస్కోప్‌లో వుంటాయి. గజద్వారం మీది ఏనుగులను చూసేందుకైనా ఒకసారి ఎక్కాలి. పైనుంచి చూస్తే ఊరు, చెరువులు, దూరంగా చర్చి గోపురం. కానీ ఎక్కాలి కదా! డాక్టరుగారి మొదటి షరతు దగ్గరే కోట తలుపులు మూసుకున్నాయి.

మిగిలింది పోచారం

మెదక్ నుంచి ఎల్లారెడ్డి దారిలో పదిహేను కిలోమీటర్లు. ఆలేరు వాగుకు అడ్డంగా 1916లో మొదలుపెట్టి 1922లో పూర్తిచేసిన చెరువు. చుట్టూ ఒకప్పటి నిజాం వేట అడవి, దాదాపు 130 చదరపు కిలోమీటర్లు, ఇప్పుడు అభయారణ్యం. వేటాడిన చోటనే ఇవాళ జింకలను పెంచుతున్నారంటే కాలం మంచి ట్విస్టే యిచ్చింది. 2025 ఆగస్టు చివర కురిసిన కుండపోతకు ఎన్నడూ లేనంత వరద వస్తే, వందేళ్ళు దాటిన ఆ కట్ట ఏమవుతుందోనని జిల్లా అంతా ఊపిరి బిగబట్టింది. కట్ట నిలబడింది. అలాంటి కట్టను ఒకసారి చూసి రావాలని ఆనాడే అనుకున్నాను.

మేము వేసుకున్న ప్లాను యిది. రాత్రి బస మెదక్ పట్నంలో, పెద్దాస్పత్రికి దగ్గరలో. తెల్లారకముందే పోచారం. ఎండెక్కేలోగా తిరిగి రూముకు. సాయంత్రం చర్చి. ఒక్కటే రాత్రి గనక బర్రెను చిన్నమ్మకు అప్పజెప్పి అమ్మ కూడా కారెక్కింది!

దారిలో ఓ సినిమా సంగతి

కారు ఊరు దాటుతుండగా నాయిన వున్నట్టుండి మంగళపర్తి ముచ్చట ఎత్తాడు. మా ఎల్దుర్తి మండలంలోదే ఆ పల్లె. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించిన 'మా భూమి' అక్కడే షూటింగు జరుపుకుంది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసిన ఆ సినిమా 1980 మార్చిలో విడుదలైంది. సాయిచంద్‌కు అదే మొదటి సినిమా. గద్దర్ తెరమీద కనపడి పాడింది కూడా అందులోనే. సెట్టింగులు లేవు, స్వెట్టర్లు లేవు. మట్టిగోడలు, మామూలు జనం! "సైకిలేస్కొని పోయి చూసొచ్చిన. గడీ దొర యేషం కట్టినాయన బీడి తాగుకుంట మాతోనే కూసున్నడు" అన్నాడు నాయిన. ఆపరేషన్ తర్వాత ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు. వెనకసీట్లో అమ్మ కళ్ళు తుడుచుకోవడం అద్దంలో చూశాను. డాక్టరు చెప్పిన మందు పనిచేయడానికి పోచారం దాకా పోనక్కరలేకపోయింది.

మే నెల పోచారం

ఉన్నమాట చెప్పాలి. మే నెలలో పోచారం నిండుకుండ కాదు. నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. నెర్రెలు విచ్చిన ఒండ్రుమట్టి మీద పిల్లలు గెంతులేశారు. శీతాకాలంలో వచ్చే వలస పక్షులు ఎప్పుడో వెళ్ళిపోయాయి. అయినా ఆ పొద్దున ఆరుగంటల గాలి! నీళ్ళమీదుగా వచ్చి మొహానికి తగిలితే ఏ కూలరూ దానిముందు దిగదుడుపే. నాయినకు చెట్టుకింద కుర్చీ వేశాం. కదలకుండా గంటన్నర కూర్చున్నాడు. తొమ్మిది కొట్టేసరికి ఎండ చురుక్కుమంది, వెనక్కి తిరిగాం.

మెదక్ చర్చి

సాయంత్రం చర్చి. పది సంవత్సరాలు కట్టి 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. గోపురం ఎత్తు 175 అడుగులు. రెవరెండ్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని చూపించి, తిండి పెట్టి దీన్ని కట్టించిన వైనం మా జిల్లాలో ముసలివాళ్ళందరికీ తెలుసు. లోపల ఐదువేల మంది పడతారు. అంత ఎత్తు కప్పు, అంత మందం గోడల మధ్య మే నెల కూడా చెప్పులు బయట విడిచే లోపలికొస్తుంది. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం... మూడు రంగుటద్దాల కిటికీలు. వెలుతురు వుండగానే చూడాలి, పొద్దుగూకితే ఆ రంగులు ఆరిపోతాయి. ఏ మతం వాళ్ళయినా ఆ నిశ్శబ్దంలో కాసేపు కూర్చోవచ్చు. అమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని నాయిన పక్కన కూర్చుంది. ఏం మొక్కుకుందో అడగలేదు.

మీరు కూడా బయల్దేరేట్టయితే నాలుగు మాటలు. పటం ముందు పెట్టుకుని గంటన్నర ప్రయాణానికి ఒక గీత గీసుకోండి, దాన్ని దాటకండి. ఇంట్లో అందరికన్నా బలహీనమైన మనిషిని బట్టి చోటు ఎంచుకోండి, మిగతావాళ్ళు సర్దుకుంటారు. ఆదివారం వద్దు, బుధ గురువారాలు మేలు. పొద్దున, సాయంత్రం ఊరు చూడండి, మధ్యాహ్నం నిద్రకు వదిలేయండి. చెరువు నిండా నీళ్ళు చూడాలంటే మాత్రం ఎండాకాలం రాకండి, వానలు కురిసి తగ్గాక రండి. కారు లేనివాళ్ళకు 2022 సెప్టెంబర్‌లో మెదక్‌కు రైలు కూడా వచ్చింది.

మర్నాడు తిరుగుదారిలో నాయిన ఒకటే అడిగాడు. "దసరాకు నీళ్ళు నిండుతయంట గద, మల్ల వోదమా?"

"అప్పటికి ఖిల్లా కూడ ఎక్కుతవు పో!" అంది అమ్మ.